వెనక సీటు తిప్పేస్వామి

నల్లమాడ,
1959, శివరాత్రి పోయినాక.

అనంతపురంలో బ్యాటరీల అంగడి పెట్టుకున్న పీరాసాబ్ బావకు, నల్లమాడ వెంకటేశులు తన సొంత చేత్తో రాసి పంపే దండోరా.

సకల జనులకు, రెండు కాళ్ళ జీవాలకు, నాలుగు కాళ్ళ జీవాలకు తెలియజేయడమేమనగా: మా ఇంటి ఎర్రకోడి ఎవరి అనుమతీ లేకుండా కారు డ్రైవరు సీటు మింద గుడ్డు పెట్టి, చూసుకోకుండా నేను దాని మింద కూర్చునేట్లు చేసి, నాకుండే ఒక్కగానొక్క తెల్లపంచె పరువు తీసినందున, నేటి నుంచి కోళ్ళు కారెక్కరాదు. మేకలు బానెట్టు మింద పండుకోరాదు. పిల్లోళ్ళు హారను పిసకరాదు. ఈ ఆజ్ఞ మీరినవారు, కోడైనా సరే, పొద్దున్నే వచ్చి కారు తొయ్యవలెను. ఇట్లు, కారు సొంతదారు.

నవ్వినావు కదా బావా. ఇప్పుడు అసలు సంగతి ఇను. తొయ్యడమనే శిక్ష ఊరికే పెట్టలేదు. కారు పొద్దున లేస్తే పీనుగ మాదిరి పడుంటాది. సాయంత్రం బాడుగ ముగించుకొని వచ్చి నిలబెట్టేటప్పుడు బాగుంటాది. తెల్లారి మీట నొక్కితే టక్కుమని ఒక శబ్దం, అంతే. హ్యాండిలు తిప్పి తిప్పి నా భుజం జారింది గానీ ఇంజను దగ్గను కూడా దగ్గలేదు. ఊరి వాలు దాంకా మనుషులు తోస్తే రొంతసేపు మొండికేసి అప్పుడు లేస్తాది. బ్యాటరీ నువ్వు చూసి ఇచ్చిందే. ఏమప్పా, నాకి సచ్చినదాన్ని అంటగట్టినావా?

కోళ్ళ సంగతి మాత్రం తీరిపోయిందిలే. ఈ కారు మొదటి సొంతదారు బళ్ళారిలో తిప్పేస్వామి అని ఒక కంట్రాక్టరంట. జరమొచ్చి దావాఖానకు పోతాపోతా ఈ కారు వెనక సీట్లోనే పోయినాడంట. దీపాల ఏళ. చీకటి పడతాంటే "కండ్లు కనపడలేదు, దీపం పెట్టండ్రా" అంటా అంటా పోయినాడని కారు అమ్మినోడు చెప్పినాడు. ఈ మాట ఊర్లో చెప్పినాక మా కొట్టం దిక్కు మనుషులే రారు, పిల్లోళ్ళు రారు, పిల్లోళ్ళు తరుముకొచ్చే కోళ్ళూ రావు.

బిరీన జవాబు రాయి.

వెంకటేశులు

అనంతపురం.

వెంకటేశులు బావకు పీరాసాబ్ సలాములు.

నీ దండోరా అంగట్లో గట్టిగా చదివి వినిపించినా. లారీ డ్రైవర్లు టీ చల్లారబెట్టుకొని నవ్వినారు. తిప్పేస్వామి దగ్గరికి వచ్చేసరికి ఒకాయన నవ్వేది ఆపి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయినాడు. గిరాకీ పోయింది. అట్లాంటివి ఎందుకు రాస్తావప్పా.

బ్యాటరీకి దయ్యం పట్టదు. నీ మాదిరోళ్ళు పడతారు. నిజం చెప్పు, దాంట్లో ఏ నీళ్ళు పోస్తాండావు? బాయి నీళ్ళే కదా? మీ బాయి నీళ్ళకు మనుషుల పండ్లే పచ్చబడతాయి, సీసం రేకులు ఓర్చుకుంటాయా? డిస్టిల్ వాటరు పొయ్యాల. లేదంటే నేల తగలని వాన నీళ్ళు. పైన రెండు మొనలకు తెల్లగా పచ్చగా బూజు పట్టింటే వేన్నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, వైర్లు గట్టిగా బిగించు. అప్పటికీ మాట వినకపోతే బస్సు మింద ఏసి నాకు పంపు.

మన పాప రామాంజిని కాన్పుకు పిలుచుకొచ్చినారా? ఈ తూరి భద్రం బావా.

పీరాసాబ్

నల్లమాడ.

పీరా బావకు,

వాన నీళ్ళు పొయ్యమంటివి. బావా, వాన నీళ్ళు చేతికి చిక్కితే బ్యాటరీలో పోస్తానా, గిన్నెలో పెట్టి పూజ చేస్తా గానీ. పోయిన ఏడు మబ్బు వచ్చింది, చూసింది, పోయింది. శెనిక్కాయ చెట్లు జానెడు లేచి మాడిపోయినాయి. బాయి నీళ్ళు పోసిన మాట నిజమే, తిట్టింది చాలు. మొనలు కడిగినా, వైర్లు బిగించినా, పంతులు పుస్తకం చదివినంత శ్రద్ధగా. ఒక దినం లేచింది. మళ్ళా చచ్చింది. బ్యాటరీని ఈ కాయితంతో పాటు బస్సు మింద పంపుతాండా. కండక్టరుకు అది తిప్పేస్వామి అస్థికలని చెప్పినా, తట్టకుండా జాగ్రత్తగా తెస్తాడు.

రామాంజి శివరాత్రికే వచ్చింది, నీకు రాసేది మర్చినా. నెలలు నిండుతాండాయి. బావా, ఇప్పుడు ఎగతాళి ఆపి రాస్తాండా. పోయిన తూరి నువ్వు ఊర్లో లేవు కాబట్టి నీకు అంతా తెలీదు. నొప్పులొచ్చినాక ఎద్దుల బండి కట్టుకొని కదిరికి పోతిమి. సగం దారి కూడా పోలేదు. బిడ్డ బండిలోనే పుట్టి, బండిలోనే పోయింది. మా ఇంటిది సిద్దమ్మ ఆ బిడ్డను కొంగులో పెట్టుకొని ఊరిదాంకా వెనక్కి నడిచొచ్చింది, బండెక్కనని. ఈ కారు నేను ఎందుకు కొన్నానో ఊర్లో అందరూ బాడుగలకు అనుకుంటాండారు. అనుకోనీ.

కదిరిలో డాక్టరమ్మ చూసింది. బిడ్డ అడ్డంగా ఉండాదంట, తిరిగితే తిరగొచ్చు, తిరగకపోతే కోసి తియ్యాలంట, నొప్పులు మొదలైన నిమిషమే తీసకరాండి అనింది. బస్సు చూస్తే పొద్దున ఒకటి, అంతే. ముందుగానే పోయి ఆడ ఉండనీకి కదిరిలో మనకెవరుండారు? కారు తొయ్యనీకి ఈడ మగోళ్ళు లేరు. వానల్లేక ఊరు ఊరంతా బెంగళూరు మట్టిపనికి పోయింది. మిగిలింది నేను, ముసలోళ్ళు, మేకలు. మేకలు తోస్తాయా బావా?

దాన్ని బాగుచేసి బిరీన పంపు. నిద్ర పట్టడంలేదు.

వెంకటేశులు

అనంతపురం.

బావకు,

బ్యాటరీ చేరింది. కండక్టరు దాన్ని ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాడు, దించినాక దండం పెట్టినాడు. నీకు పుణ్యముంటాది.

ఉన్న నీళ్ళు పారబోసి, కొత్త ఆసిడ్ పోసి, నిండా ఛార్జి చేసినా. గాజు గొట్టంతో ఆసిడ్ పీల్చి బ్యాటరీలో ఒక్కో గదీ చూసినా. అన్నీ బాగుండాయి. ఛార్జి తీసేసి అంగట్లో ఊరికే పెట్టినా, మరుసటి దినానికీ తగ్గలేదు. ఫికరు చెయ్యొద్దు, బ్యాటరీలో తప్పు లేదు. తప్పు మీ కారులో ఉండాది. నువ్వు ఇల్లు చేరినాక ఏదో దాన్ని తాగుతాండాది.

ఏది తాగుతాందో కనుక్కునే ఉపాయం చెప్తా. అన్ని మీటలూ ఆపి, బ్యాటరీ మొన నుంచి ఒక వైరు ఊడబీకు. ఆ వైరుకూ మొనకూ నడాన చిన్న బల్బు పెట్టు. ఏదీ తాగకపోతే బల్బు ఎలగదు. ఎలిగితే మాత్రం యాడో వైరు తోలూడి ఇనుముకు తగులుకుంటాండాది. అప్పుడు ఒక్కో వైరూ తీసుకుంటా రా, ఏది తీస్తే బల్బు ఆరుతాదో అదే దొంగ. బండి నడిచేటప్పుడు మీటరులో ముల్లు ఛార్జి దిక్కుకు కొడతాందా లేదా అది కూడా చూడు.

డ్రైవర్లు రోజూ అడుగుతాండారు, తిప్పేస్వామి ఎట్లుండాడని. నేను జవాబు చెప్పడంలేదు.

పీరాసాబ్

నల్లమాడ,
ఉగాది దగ్గర పడింది.

పీరా బావకు,

నువ్వు చెప్పినట్లే చేసినా. పట్టపగలు, కొట్టంలో, అన్ని మీటలూ ఆపి, బల్బు పెట్టినా. ఎలగలేదు. మళ్ళా పెట్టినా. ఎలగలేదు. బల్బు చచ్చిందేమో అని నేరుగా బ్యాటరీకి పెడితే నా మొగం మిందికి ఎలిగింది. ముల్లు కూడా ఛార్జి దిక్కుకే కొడతాండాది. అంటే పగలు ఏదీ తాగడంలేదు. నేను ఇంటికొచ్చినాక తాగుతాండాది. పొద్దున లేచి చూస్తే మళ్ళా అదే టక్కు. బస్సు కాడికొచ్చినోళ్ళను బతిమాలి తోయించుకొని బాడుగకు పోతాండా, రాత్రి నొప్పులొస్తే ఎవర్ని బతిమాలేది?

కొట్టం ఎట్లుంటాదో నీకు తెలుసు. ఇంటి వెనక, ఒక దిక్కు శెనిక్కట్టె వామి, ఒక దిక్కు కారు. కారు పెట్రోలు, పక్కన ఎండుకట్టె, కాబట్టి ఆ దిక్కుకు నిప్పు తెస్తే కాళ్ళిరగ్గొడతానని ఇంట్లో అందరికీ ముందే చెప్పినా. బీడీ కూడా నేను బయటే తాగుతా. సాయంత్రం టార్పాలిను కప్పి, తాడు కట్టి, వచ్చి వాకిట్లో మంచమేసుకుంటా. తిప్పేస్వామి మాట చెప్పినప్పటి నుంచి సిద్దమ్మ కట్టె తెచ్చుకునేది కూడా పగలే. ఇంక కొట్టంలోకి పోయేది ఎవరు?

నిన్న కాపలా కాద్దామని కొట్టంలో కూర్చున్యా. పొద్దుగూకింది. టార్పాలిను గాలికి ఒక తూరి ఉబ్బింది, లోపల ఎవరో నిట్టూర్చినట్లు. బావా, నేను లేచి వచ్చేసినా. సిద్దమ్మ "ఏమి, కాపలా అంటివే" అనింది. కడుపులో నొప్పి అని చెప్పినా. మంచమెక్కి దుప్పటి ముసుగేసుకున్యా, ఈ ఎండల్లో.

నాకి భయమైందంటే నువ్వు నవ్వుతావు. నవ్వు. ఈ ఊర్లో ఎవరు భయపడినా దానికొక న్యాయముండాది. నేనొక్కణ్ణే భయపడకూడదు. అది నీకు ఇప్పుడు అర్థం కాదులే. అయినా భయపడతాండా.

సిద్దమ్మ గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. రామాంజి అన్నం దగ్గర కూర్చొని ఉన్నట్టుండి "నాయనా, ఆయన పేరు తిప్పేస్వామే కదా" అని అడిగింది. "ఎందుకమ్మా" అంటే "ఊరికే" అనింది. పాప కండ్ల కింద నల్లగైంది.

ఏమి చెయ్యాల్నో రాయి. తిట్టొద్దు.

వెంకటేశులు

అనంతపురం.

బావా,

తిట్టడంలేదు. నీ కాయితం ఇంట్లో మా మాబున్నీసాకు చదివి వినిపించినా. వినేసి పొయ్యి కాడికి పోయి ఊరికే నిలబడింది. నువ్వు వంద అబద్ధాలు చెప్పి మమ్మల్ని నవ్వించినోడివి, భయమని ఎప్పుడూ రాయలేదు. అందుకే మాకు భయమైంది.

ఇన్నేండ్లలో నేను చాలా బ్యాటరీలు చూసినా. పగలు బాగుండి, రాత్రికి తాగే వైరును చూడలేదు. వైరుకు పగలేమి, రాత్రేమి? నాకు తెలియంది ఏదో ఉండాది. దర్గా కాడ తాయెత్తు కట్టించి ఇందులో పెట్టినా, స్టీరింగుకు కట్టు. బ్యాటరీల వ్యాపారం చేసేటోడు తాయెత్తు పంపినాడని ఎవరికీ చెప్పొద్దు.

ఇంకొక్క పని. సాయంత్రం కారు నిలబెట్టినాక బ్యాటరీ వైరు ఊడబీకి, దూరంగా వంచి పెట్టు. పొద్దున తగిలించు. వైరు తీసినాక కూడా బ్యాటరీ చచ్చిందంటే, అది కారు చేసే పని కాదు, మనిషి చేసే పనీ కాదు. అప్పుడు మాత్రం నా మాట ఇను, పాపను ఆ కారులో ఎక్కించొద్దు. బండే కట్టు. నేను ఈడ ఏదన్నా లారీని బతిమాలి పంపుతా.

పీరాసాబ్

కదిరి, ఆసుపత్రి వరండా.

పీరా బావకు,

ముందు ఇది చదువు: పాప బతికుండాది. మొగబిడ్డ. బిడ్డా బతికుండాడు. ఇప్పుడు కూర్చొని మిగతాది చదువు.

నీ కాయితం అందిన సాయంత్రమే తాయెత్తు కట్టి, వైరు ఊడబీకి, వంచి పెట్టి, టార్పాలిను కప్పి వచ్చి వాకిట్లో కూర్చున్యా. దీపాల ఏళ. సిద్దమ్మ ఇంట్లో దీపం ముట్టిస్తాండాది. కొట్టంలో నుంచి కేక ఇనపడింది.

నేను పరిగెత్తలేదు బావా. నిజం రాస్తాండా, నా కాళ్ళు లేవలేదు. సిద్దమ్మే నన్ను దాటి పరిగెత్తింది. "రామాంజీ" అని అది అరిచినాక గానీ కాళ్ళు కదల్లేదు. పోయి చూస్తే పాప టార్పాలిను తాడుకు కాలు తగులుకొని పడుండాది. బోర్లా పడలేదు, దేవుడు చల్లగా చూసినాడు, పక్కకు పడింది. కానీ నొప్పులు మొదలైనాయి. "ఎలగలేదు నాయనా, ఈ పొద్దు ఎలగలేదు" అని అదొక్కటే మాట. ఏది ఎలగలేదో నాకు తెలీదు.

వెనక సీట్లో పండుకోబెడదామంటే నా చొక్కా పట్టుకొని ఇడవలేదు. "వెనక వద్దు, ఆయనుండాడు." ముందర కూర్చోబెట్టినా. సిద్దమ్మ వెనక ఎక్కి, ఖాళీ జాగా దిక్కు చూస్తా "రొంత జరుగు సామీ, నా బిడ్డను దావాఖానకు తీసకపోతాండాం" అనింది.

బానెట్టు ఎత్తి వైరు తగిలించినా. తగిలించిన నిమిషమే, నేను ఏ మీటా ముట్టలేదు బావా, కారు ముందరి చిన్న దీపాలు రెండూ వాటంతట అవే ఎలిగినాయి. చేతిలో స్పానరు జారి కాలి మింద పడింది. నొప్పి కూడా తెలీలేదు. వాడే వచ్చినాడనుకున్యా. నాకి ఇంక ఎవరు దిక్కు, కండ్లు మూసుకొని కూర్చొని మీట నొక్కినా. ఒక్క నొక్కుకే ఇంజను లేచింది. పెండ్లికి పోయినట్లు లేచింది.

ఊరు దాటినాక రామాంజి అడిగింది.

"దీపం ఎలిగిందా నాయనా?"

"ఎలిగింది."

"అయితే కోపం పోయిండాదిలే."

"ఎవరికమ్మా?"

"ఆయనకే. దినామూ పెడతాండానే. ఈ పొద్దు ఎలగకపోతే బిడ్డను అడుగుతాండాడేమో అనుకుంటి."

అప్పుడు చెప్పింది, నొప్పికీ నొప్పికీ నడాన. వచ్చిన దినం నుంచి దీపాల ఏళ పాప కొట్టంలోకి పోతాండాది. చీకట్లో దీపం అడుగుతా చచ్చినోడు, ఆ సీట్లో చీకట్లోనే ఉంటే, రేపు నేను ఆ కారెక్కితే నా బిడ్డను ఊరికే ఇడుస్తాడా అని. నూనె దీపం పెడదామంటే నిప్పు తెస్తే కాళ్ళిరగ్గొడతానంటిని కదా. నేను మీట లాగేది చూసి, కారు దీపమే పెట్టేది నేర్చుకునింది. టార్పాలిను కిందనే లాగి, దండం పెట్టి వచ్చేదంట. బ్యాటరీ నీ కాడ ఉన్న దినాలు ఆయనా దాంతోనే పోయినాడనుకునిందంట. తెల్లారి వాకిట్లో చానిపి చల్లేటప్పుడు పోయి, నేను లేచే లోపల ఆర్పేదంట. "పొద్దున చూస్తే దీపం సన్నగా ఎర్రగా ఉంటాది నాయనా, ఆయన తృప్తిగా తాగినాడని అనుకుంటాంటి."

నాకు చెప్పకూడదా అంటే, "నువ్వు నవ్వుతావని" అనింది.

ఆ పొద్దు కూడా పోయి మీట లాగింది. వైరు నేను తీసేసి ఉంటి. ఎట్ల ఎలుగుతాది? లాగిన మీట లాగినట్లే ఇడిసి కేకేసింది. నేను వైరు తగిలిస్తూనే ఎలిగింది అందుకే. నువ్వు వైరు తియ్యమనకపోతే పాప పడేది కాదు. తియ్యకపోయింటే, ఏ నడిరాత్రో నొప్పులొచ్చినప్పుడు కారు లేచేది కాదు. నిన్ను తిట్టాల్నో దండం పెట్టాల్నో నాకి తెలీలేదు, రెండూ తీసుకో.

బిడ్డ అడ్డంగానే ఉండాడు. కోసి తీసినారు. "ఇంకొక గంట పోయింటే" అని డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది, నేను బయటికి వచ్చేసినా.

ఒక మొక్కు ఉండాదంట. బిడ్డ బతికితే ఆయన పేరే పెడతానని దీపం కాడ మొక్కుకునిందంట. పాప కండ్లు తెరిచి అడిగిన మొదటి మాట అదే.

వెంకటేశులు

అనంతపురం.

బావకు, సిద్దమ్మ అక్కకు, రామాంజికి, చిన్న తిప్పేస్వామికి సలాములు.

అంగట్లో అందరికీ మిఠాయి పంచినా. మాబున్నీసా ఏడ్చి, నవ్వి, మళ్ళా ఏడ్చింది.

చిన్న దీపాలు రాత్రంతా ఎలిగితే ఏ బ్యాటరీ అయినా చస్తాది. పగలు నువ్వు బల్బు పెట్టినప్పుడు పాప ఆర్పేసి ఉంటాది కాబట్టి దొరకలేదు. నేను మొదట అడగాల్సిన మాట ఒకటే, ఇంట్లో ఎవరన్నా దీపాలు ఎలిగిస్తాండారా అని. అది అడక్కుండా తాయెత్తు పంపినా. ఈ సంగతి మన ఇద్దరిలోనే ఉండనీ.

ఇంకొక మాట. బళ్ళారి నుంచి వచ్చే లారీలోళ్ళను అడిగినా, తిప్పేస్వామి అనే కంట్రాక్టరు ఇల్లు యాడ అని. ఒక్కరికీ తెలీదు. ఆయనకు పెండ్లాం, బిడ్డలు ఉండే ఉంటారు కదా? చీకట్లో పోయిన మనిషికి ఒక ఆడబిడ్డ దినామూ దీపం పెట్టింది, ఇప్పుడు ఆయన పేరు ఒక బిడ్డకు పెడతాండారని తెలిస్తే ఆ ఇంటోళ్ళు ఎంత తృప్తి పడతారు. నేనే బళ్ళారికి పోయి చెప్పొస్తా. కారు అమ్మినోన్ని అడిగి విలాసం పంపు.

పీరాసాబ్

నల్లమాడ,
పేరు పెట్టిన మరుసటి దినం.

పీరా బావకు,

కారు బాగుండాది. ఇప్పుడు దినామూ పొద్దున ఒక్క నొక్కుకే లేస్తాది. కొట్టం బయట గోడలో ఒక గూడు కొట్టించినా. పాప బాలింత, లేవకూడదు, కాబట్టి దీపాల ఏళ ఆముదం దీపం నేనే పెడతాండా. పెట్టకపోతే లోపల మంచంలో నుంచే అడుగుతాది, "పెట్టినావా నాయనా" అని.

నిన్న పేరు పెట్టినాం. ఊర్లో మిగిలిన ముసలోళ్ళందరూ వచ్చినారు. చెవిలో పేరు చెప్పేటప్పుడు సిద్దమ్మ అడిగింది, ఆయన ఎట్లుండేవాడని. అందరూ నా దిక్కు చూసినారు. పొడుగు మనిషి, తెల్ల మీసం, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా, అని చెప్పినా. చెప్తాంటే నాకే ఆయన కనపడినాడు. వంద మందిని ఏడిపించి నవ్వినోన్ని బావా, నిన్న బిడ్డను చేతిలో పెడితే వాని మొగం చూడలేక సిద్దమ్మకు తిరిగి ఇచ్చేసినా. వీడు పెరిగి పెద్దోడై, తాతా నా పేరుగలాయన ఊరు యాడ, పోదాం పద అంటే నేను యాడికి పిలుచుకపోవాల?

నువ్వు బళ్ళారికి పోవద్దు. లారీలోళ్ళను అడగొద్దు. మాబున్నీసక్కకు కూడా చెప్పొద్దు, ఈ కాయితం చదివి నీ ఆసిడ్ తొట్టిలో ఏసెయ్యి. కారు అమ్మినోడు నాతో కారు మాట తప్ప ఏ మాటా మాట్లాడలేదు. వెనక సీట్లో ఎవరూ చావలేదు. దీపం పెట్టండ్రా అని ఎవరూ అడగలేదు. తిప్పేస్వామి అనే మనిషి బళ్ళారిలో లేడు, యాడా లేడు. కోళ్ళు సీటెక్కకుండా నేనే పుట్టించినా.

వెంకటేశులు